బూడిద రుచి

అత్తా,

బాగున్నావా అని రాయబోయి ఆగిన... ఏమని అడగను? ఇప్పపూలు మళ్ళీ రాలుతున్నయ్. నువ్వు పోయి ఏడాది దాటింది.

ఎర్రబోరులో మేం బాగానే ఉన్నం. నీ కొడుకు జగదల్‌పూర్ నుంచి కుండలు కాల్చే కరెంటు భట్టీ పాతదొకటి తెచ్చిండు. బియ్యం డబ్బా అంత ఉంటది, వంటింటి పక్క చూరు కింద పెట్టినం. మీట నొక్కితే ఎర్రటి అంకెలు పెరుగుతూ పోతయ్. నువ్వుంటే "పొగ రాని మంట ఏం మంటే?" అని మొహం తిప్పుకునేదానివి. నాకైతే హాయిగానే ఉంది. కట్టెలు మోసే పని లేదు, కళ్ళు మండవు. నడుమ కరెంటు పోయిందంటే మాత్రం నీ కొడుకుని పట్టలేం.

భట్టీ దేనికి తెచ్చినమో తెలుసా? నీ మెరుపు కోసం. కుండ మెడ కింద ఆకుపచ్చగా, గాజు పోసినట్టు మెరిసేది చూడు... అది. మీ అమ్మమ్మ చేతి నుంచి నీకొచ్చింది, నా దాకా రాలే. ఆవంలో పేర్చి కాల్చిన అన్ని కుండల్లో ఏ ఒకటి రెండిటికో వచ్చేది. దోర్నపాల్ సంతలో ఆడోళ్ళు వాటికోసమే నీ గంప చుట్టూ మూగేవాళ్ళు. నువ్వు దోర్లీలో బేరమాడి, హిందీలో తిట్టి, ఇంటికొచ్చి తెలుగులో నవ్వేదానివి.

ఆ మెరుపు నీతోనే పోయిందేమోనని ఒకటే భయం పట్టుకుంది నాకు.

నువ్వు చేసినట్టే చేసిన. వరిపొట్టు బూడిద, ఎండి రాలిన ఇప్పకొమ్మల బూడిద, వాగొడ్డున దొరికే చౌడు మట్టి. కలిపి, పూసి, భట్టీలో పెట్టిన. తీసి చూస్తే సున్నం కొట్టిన గోడలెక్క ఉంది. మళ్ళీ చేసిన, మళ్ళీ అదే. నీ కొడుకు వేడి పెంచమన్నడు. పెంచితే కుండ వంకర పోయింది గాని మెరుపు రాలే. ఆ రోజు భట్టీ ముందు కూర్చొని ఏడ్చిన. నిన్ను తిట్టిన కూడా. చెప్పకుండా పోయినవేంది?

కానీ చెప్పినవు కదా... ప్రతిసారీ చెప్పినవు. పూత కలిపి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "చురుక్కుమనాలె పిల్లా, లేకుంటే అది ఉత్త దుమ్ము" అనేదానివి. అదే వేలు నా నోటి ముందుకు తెస్తే ఛీ అని పారిపోయేదాన్ని. అప్పుడు కొత్త కోడల్ని. పాత కోడలినైనంక కూడా ఎన్నడూ నాలుకకు తాకించలే.

మొన్న తాకించిన. చప్పగా ఉంది, వాగు నీళ్ళలెక్క. అప్పుడు తట్టింది నా బుర్రకి. చేతులు మండుతున్నయని బూడిదను నీళ్ళు మార్చి మార్చి కడుగుతున్న నేను... సారమంతా వాకిట్లో పారబోస్తున్న. నీ చేతులు ఎందుకట్లా పగిలి ఉండేవో కూడా అప్పుడే తెలిసింది అత్తా. పొద్దుగూకినంక ఇప్పనూనె రాసుకుంటుంటే ముసలితనం అనుకున్న.

ఈసారి కడగకుండా కలిపిన. నాలుక చురుక్కుమంది. భట్టీ పూర్తిగా చల్లారేదాకా తలుపు తియ్యలే, నువ్వు వేడి మీద ఆవం తియ్యనిచ్చేదానివి కాదుగా. తీస్తే... వచ్చింది. చిన్న జావ ముంత. మెడ నుంచి కిందికి కారి ఆగినట్టు, అదే పచ్చ. నీ కొడుకు దాన్ని వాకిట్లో ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసిండు.

గుర్తుందా, "మంచిది గంపలో పెట్టు, ఆ వంకరది మనకు చాలు" అనేదానివి. నీ చేత్తో అన్ని చేసి, నువ్వు ఒక్కనాడన్నా మెరుపు ముంతలో జావ తాగినవా? పోయేనాడు నీ తలాపున ఉన్నది కూడా అంచు పగిలినదే.

సంతకు ఇంక చేస్తనే ఉంట. ఈ ముంత మాత్రం గంపలోకి పోదు. పొద్దున రాగిజావ పోసి నువ్వు కూర్చునే గడప పక్కన పెట్టిన. కాసేపు చూసి, చల్లారుతుంటే నేనే తాగిన. ఏం చెయ్యను మరి?

ఇకమీద మనింట్లో మంచిదాంట్లోనే తాగుతం. మాటిస్తున్న.

చేతులు మండుతున్న
నీ కోడలు