గిన్నె అడుగు మసి

బుల్లోడా,

అమ్మ దీవించి రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది, మోకాళ్ళ నొప్పి ఒక్కటే. నువ్వూ తాతా ఎలా ఉన్నారు? తాత దగ్గు తగ్గిందా? ఫోన్లో ఏది అడిగినా బాగుంది, బాగుంది అంటావు. మీ అన్న కూడా ఆసుపత్రి మంచం మీద నుంచి అదే మాట అన్నాడు. అందుకే నీ బాగుంది నేను నమ్మను. నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి, ఓపిగ్గా చదువుకో.

మీ అన్న పోయాక ఆ ఇంట్లో ఉండలేక అనకాపల్లి వచ్చానే గానీ, ఈ ఊరు ఇంకా అలవాటు కాలేదు. బెల్లం మార్కెట్ పక్కన మెస్సులో వంట నాదే. మూటలు మోసేవాళ్ళు తినిపోతారు, కూర బాగుందంటారు. చేతిలో పని ఉన్నంతసేపు పరవాలేదు. గిన్నెలు కడిగి కూర్చుంటే వాడే గుర్తొస్తాడు. ఇక్కడ తాగే నీళ్ళు కొనుక్కుంటారు. డబ్బా మూత తీసి ముందు వాసన చూస్తాను. ఏ వాసనా లేకపోతే ఇంకా అనుమానం. కాచిగానీ నోట్లో పోసుకోను. మెస్సు ఆవిడ విసుక్కుంటుంది. "కొన్న నీళ్ళు కూడా కాసేత్తన్నావేటప్పా, గేసు ఎవుడిత్తాడు?" అంటుంది.

ఆవిడకి ఏం చెప్పను? నీకు చెప్పాలి. ఫోన్లో చెబితే సగంలో సిగ్నల్ పోయిందంటావు, అందుకని రాస్తున్నాను.

వచ్చే వారం విశాఖ పిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్ళి డేరాలు వేయిస్తానన్నావు. మీ అన్న మొదలెట్టిన పని, మానమనను. నీళ్ళ మాటెత్తితే చిల్లగింజలున్నాయి కదా అన్నావు. అప్పట్నుంచి నాకు కుదురు లేదు.

మొన్న టీకాలేసే నర్సమ్మ మా మెస్సుకి భోజనానికొస్తే అడిగాను. మా వైపు బురద నీళ్ళు తేరడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీస్తాం, మట్టంతా అడుక్కి దిగిపోతుంది, అలా తేరిన నీళ్ళు తాగిన నా పెద్దోడు వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఎలా పోయాడమ్మా అని. ఆమె కలిపిన ముద్ద కంచంలోనే ఉంచేసింది.

"సిల్లగింజ మట్టిని దింపుతాదప్పా, రోగాన్ని దింపదు. అది కంటికి కనబడేది కాదు. తేరిన నీళ్ళని మళ్ళీ కాయాల" అంది.

ముందు ఆమెనీ నమ్మలేదు. తాతల నాటి గింజ మోసం చేస్తుందా అనుకున్నాను. తర్వాత మీ అన్న మాట గుర్తుకొచ్చింది. ఏ నీళ్ళు తాగావని డాక్టరు అడిగితే, అంత నీరసంలోనూ "గెడ్డలో సెలమ నీళ్ళే సారూ, గింజేసి తేర్సినాం, అద్దంలాగున్నాయి" అన్నాడు. వాడికి అనుమానమే రాలేదు. ఇప్పుడు తేట నీళ్ళు చూస్తేనే నాకు ఎక్కువ భయం. బురద నీళ్ళైతే తమ గుణం ముందే చెప్పేస్తాయి.

కొండ మీంచి పారే ఆ గెడ్డ ఇసుకలో చెలమ తవ్వితే పశువులు దిగే చోటుకి బాగా ఎగువన తవ్వు. మొదట ఊరిన నీళ్ళు తోడి పారబొయ్యి. గింజ వేసుకో, వద్దనను. తేరాక బట్టలో వడకట్టి, సలసల మరిగించి, మూత పెట్టి చల్లార్చు. పట్నం పిల్లలు నీళ్ళలో వేసే బిళ్ళలు తెస్తారట. అవి వేశాక అరగంట ఆగాలని నర్సమ్మ చెప్పింది. దాహమేసిన కుర్రాళ్ళు అరగంట ఆగుతారంటే నేను నమ్మను.

మీ వైపు దేవరాపల్లి వచ్చే ఆటో అతని చేత ఈ ఉత్తరంతో పాటు నీళ్ళు కాయడానికి ఒక గిన్నె పంపుతున్నాను. అడుగు తళతళలాడేలా తోమి పంపాను. కట్టెల మంట మీద పెడితే మసి పడుతుంది. ఆ మసి తోమకు. నేను వచ్చినప్పుడు తిప్పి చూస్తాను. పొయ్యి మసి తీసి పూసేవు, నీ బుద్ధి నాకు తెలుసు. మంటకి పట్టిన మసీ చేత్తో పూసిన మసీ పోల్చుకోలేనా?

ఇది తాతకి చదివి వినిపించేటప్పుడు గింజ సంగతి దాటెయ్యి. ఆ గింజలు ఏరి, గుడ్డలో మూటకట్టి మీ అన్న సంచిలో పెట్టింది ఆయనే. మనవడి మీద ప్రేమతో పెట్టారు. ఈ వయసులో ఆయనకి ఆ బరువు వద్దు. గిన్నె ఎందుకని అడిగితే అమ్మకి పిచ్చి పట్టిందను, ఆ మాట నేను పడతాను. నీకూ గింజల మూట కట్టి ఇస్తారు. వద్దనకుండా తీసుకో.

ఆయనకి నా దణ్ణాలు చెప్పు. పెద్దమ్మని అడిగానని చెప్పు. అన్న పటానికి ఒక పువ్వు పెట్టు. నూకాలమ్మ తల్లి నిన్ను చల్లగా చూడాలి.

మీ అమ్మ

మరిచిపోయాను. మీ అన్న ఆ రోజు పొద్దున్న ఏమీ తినకుండా కొండెక్కాడు. ఖాళీ కడుపుతో ఉన్నవాడు నీళ్ళు కాగి చల్లారేదాకా ఓర్చుకోలేడు. నువ్వు బయల్దేరే ముందు చద్దన్నమైనా సరే, కడుపు నిండా తిను నాయనా.