దిద్దకుండా దాచిన ఉత్తరం

బీదరు నౌబాద్‌లో ఉంటున్న ఎలీసబెతు అనే నేను, కీర్తిశేషులు శాంతరాజు భార్యను, వయసు డెబ్బై ఆరు, ముప్పై నాలుగేళ్లు బడిలో ఇంగ్లిషు వ్యాకరణం చెప్పినదాన్ని, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఒత్తిడి పెట్టాలంటే ఇంట్లో ఇంకొకరు ఉండాలి కదా. లేరు.

1. దీన్ని నా పాత విద్యార్థి, వకీలు దయానంద్ అమలు చేయాలి. వాక్యం మొదలుపెట్టి క్రియ మరిచిపోయే రకం అతను. కాబట్టి నా మాటలు మార్చకుండా ఉన్నదున్నట్టు చదవాలి.

2. ఈ రెండు గదుల ఇల్లు, వెనక నిమ్మచెట్టుతో సహా, నా కూతురి కొడుకు జీవరాజ్‌కు చెందాలి. తల్లి పోయాక ఆరేళ్లవాణ్ణి నేనే పెంచాను.

3. జొన్నరొట్టెల పీట కూడా వాడికే. దాని ముందు కూర్చోబెట్టి వాడికి వాక్యభాగాలు నేర్పాను: కర్త నేను, క్రియ తట్టడం, కర్మ రొట్టె. తప్పు చెబితే రొట్టె ఆలస్యం. ఒకరోజు వాడు "అవ్వా, కర్తకు ఆకలైతాంది, కర్మను జల్ది పెట్టు" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వలేదు.

4. నా వ్యాకరణ పుస్తకాలు పక్కింటి టీచరు భాగీరథికి. కామా ఊపిరి తీసుకోవడానికని పిల్లలకు చెప్పకూడదు, అర్థం విడదీయడానికని చెప్పాలి. సాయంత్రాలు ఆమె చాయ్ తెచ్చి, నేను తాగేదాకా కూర్చునేది. గ్లాసు కోసమని అనేది. వెండి చెంచా కూడా ఆమెకే.

5. చర్చి కార్యదర్శి క్రిస్టోఫర్‌కు ఏమీ లేదు. మా ఆయన సమాధిరాయి మీద ఇంగ్లిషులో మాటకొక కామా చెక్కించాడు. బతికినన్నాళ్లు తొందరపడని మనిషి, పోయాక ఆయాసపడుతున్నాడు. నా రాయి మీద తెలుగులో పేరు చాలు.

6. ఎర్రసిరా సీసా ఎవరికీ ఇవ్వకూడదు, మోరీ కాలవలో పారబోయాలి. జీవరాజ్ హైదరాబాదు పోయి, అమీర్‌పేటలో నెల రోజుల్లో ఇంగ్లిషు నేర్పేచోట చేరాడు. "గీడ గ్రామర్ ఎవరడుగుతున్నరు అవ్వా, మాట్లాడొస్తే చాలంటున్నరు" అని ఫోన్లో అన్నాడు. అయినా నాకు ఇంగ్లిషులో ఉత్తరాలు రాసేవాడు. నేను వాటిని దిద్ది, పదికి మార్కులు వేసి, తిప్పి పంపేదాన్ని. ఆరుకు మించి ఎప్పుడూ ఇవ్వలేదు. వేరే జవాబు రాయలేదు. కాపీ పుస్తకం వస్తే దిద్దాలి, తిరిగి ఇవ్వాలి. నాకు తెలిసిన పని అదే. అందుకే వాడి ఉత్తరాల్లో ఇప్పుడు నా దగ్గర ఒక్కటే ఉంది.

7. అది 2002 జూన్‌లో వచ్చింది. ఇల్లు అద్దెకు తీసుకున్నాడట, నాకొక గది ఉంచాడట. చివర తెలుగులో "అవ్వా, దీన్ని దిద్ది పంపకు. వస్తవో రావో జవాబు రాయి" అని ఉంది. చెప్పినట్టే దిద్దలేదు. బైబిల్లో పెట్టాను. జవాబు ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నాలుగేళ్లు గడిచాయి. వాడి ఫోన్లు కూడా ఆగిపోయాయి.

ఇది నా జవాబు: బిడ్డా, నాకు రావాలని ఉంది. ఆ గది ఇంకా ఉందా?

ఈ ఏడో అంశం నా చావు దాకా ఆగకూడదు. దయానంద్ దీని నకలు రేపే రిజిస్టరు పోస్టులో పంపాలి. నా చేతికిస్తే మళ్లీ చదువుతాను, దిద్దుతాను, పంపను.

నౌబాద్, 2006 నవంబరు 14

(సంతకం) ఎలీసబెతు

సాక్షులు:
రాచయ్య, ఎదురింటి వాస్తవ్యుడు
రాజవ్వ, పాలు పోసే ఆమె (వేలిముద్ర)