మరమనిషికి పెట్టని కన్నీళ్లు

సుజాతా,

నువ్వు పోయి ఏడాదైంది. మాదాపూర్‌లో మా ఆఫీసు కొత్త భవనంలోకి మారిన సంబరంలో, ఇంటివాళ్లకు కూడా సినిమా టికెట్లు ఇచ్చారు. నీకు ప్రాణమైన మరమనుషుల కథే అని మీ అమ్మను తీసుకెళ్లాను. అందులో, తనను తయారుచేసిన ముసలాయన చనిపోయాక, ఒక మరమనిషి రోజూ ఆయన కుర్చీ తుడుస్తూ, "ఇక నేనెందుకు?" అని అడుగుతుంది. నీతో ఏదో చెప్పబోయి, పక్కకు తిరిగి ఆగిపోయాను. నువ్వుంటే ఆ ప్రశ్న మీద వారమంతా వాదించేదానివి.

బోరబండకు తిరిగొచ్చే బస్సులో అత్తమ్మ అడిగింది.

"గంత దుఃఖంల గూడ అది ఏడ్వదేంది బిడ్డా?"

"దానికి కన్నీళ్లు పెట్టలే అత్తమ్మా."

"నీకు దేవుడు పెట్టిండు గద. ఇగ ఏడువు."

నువ్వు పోయాక మొదటిసారి, బస్సులో అందరూ చూస్తుండగా, ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను.