వెనక మూత లేని హెడ్‌ఫోన్లు

నా జుట్టు పట్టుకు లాగే హక్కున్న ఒకే ఒక్క అక్కకి,

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరం ఏమిటని కవరు చించేటప్పుడే విసుక్కుని ఉంటావు. ఈ ఇంట్లో ఫోన్ మాట్లాడితే పక్క గదిలోకి ప్రతి మాటా వినిపిస్తుంది. ఆ సంగతి నాకు ఎంత బాగా తెలుసో చెప్పడానికే రాస్తున్నాను. చదివిన వెంటనే బస్సెక్కి మాత్రం రావద్దు. నువ్వొస్తే న్యాయం జరగదు, యుద్ధం జరుగుతుంది.

నా హెడ్‌ఫోన్ల పిచ్చి నీకు కొత్త కాదు. అత్తారింటికి వచ్చేటప్పుడు బట్టల పెట్టె కంటే సోల్డరింగ్ సామాను పెట్టే బరువుగా ఉందని ఎగతాళి చేసింది నువ్వే. ఇక్కడ బాల్కనీలో ఒక మూల మీ మరిది నాకు బల్ల వేయించి ఇచ్చారు. పగలంతా ప్రెస్సులో మందు సీసాల లేబుళ్ల మీద అచ్చుతప్పులు వెతికి వెతికి కళ్లు పీకుతుంటాయి. సాయంత్రం వాటికి సెలవిచ్చి చెవులకి పని చెప్తాను. తుక్కు కొట్లో పాత హెడ్‌ఫోన్లు కొని, విప్పి, తెగిన వైర్లు అతికి, చెవి మీద ఆనే దిండ్లు మార్చి, లోపల గుడ్డముక్క ఒకటి వేసి, తీసి, మళ్లీ వేసి, పాట కాస్త తేటపడేదాకా వదలను. మీ మరిది దీన్ని తీరిగ్గా చేసే తలనొప్పి అంటారు. కళ్లద్దాల షాపులో రోజంతా అద్దాలు అరగదీసే మనిషి అనవలసిన మాటేనా అది?

ఈసారి కొత్త రకం చేశాను. మామూలు వాటికి వెనక మూత ఉంటుంది. పాట బయటికి పోదు, బయటి గోల లోపలికి రాదు. ఆ మూత తీసేసి సన్నటి జాలీ పెడితే పాట చెవిలో ఇరుక్కోకుండా గదంతా విచ్చుకున్నట్టు ఉంటుంది. చిక్కల్లా ఒకటే. లోపలి పాట బయటికి కారిపోతుంది, బయటి మాటలు లోపలికి వచ్చేస్తాయి. చూడటానికి మాత్రం రెండు గిన్నెలు బోర్లించి చెవులు మూసుకున్నట్టే ఉంటుంది. పెట్టుకున్న మనిషికి పిడుగు పడ్డా వినపడదనుకుంటారు చూసేవాళ్లు.

జాలీ కోసం ఎన్ని కొట్లు తిరిగినా నాకు కావలసినంత సన్నటిది దొరకలేదు. అటక మీద అంచు విరిగిన పిండి జల్లెడ ఒకటి కనిపించింది. తీసుకోనా అని మీ మరిదిని అడిగితే, పేపర్లోంచి తలెత్తకుండా తీసుకో అన్నారు. రెండు గుండ్రటి ముక్కలు కోసి అతికించాను. కొలిచి చేయించినట్టు సరిపోయాయి. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఇక కందిరీగ సంగతి. ఆయన కూతురికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరది. పదహారేళ్లు, వాళ్లమ్మ పోయేనాటికి పదకొండు. నేనీ ఇంటికి వచ్చి ఏడాది కావస్తోంది, ఇంతవరకూ నన్ను ఏమనీ పిలవలేదు. మరి పిలవకుండా రోజులెలా గడుస్తున్నాయంటావా, నాతో పని పడితే ఫ్రిజ్ వైపు చూసి మాట్లాడుతుంది. పాలు అయిపోయినట్టున్నాయి అని ఫ్రిజ్‌కి చెప్తుంది, తెస్తాను అని నేను జవాబిస్తాను. మొదట్లో నవ్వొచ్చేది.

జాలీ అతికించిన సాయంత్రం, బిగుతు ఎలా ఉందో చూద్దామని ఇంకా వైరు ఫోన్‌కి తగిలించకుండానే వాటిని తలకి పెట్టుకున్నాను. కందిరీగ హాల్లో వాళ్ల అత్తతో ఫోన్లో మాట్లాడుతోంది. అత్తంటే మా వదిన, నర్సు పని చేస్తుంది. పిల్ల ఒకసారి నా వైపు చూసింది. నా చెవులు మూసి ఉన్నాయి. ఇంక గొంతు తగ్గించలేదు.

"అది అమ్మ జల్లెడ అత్తా. అమ్మ దాంతో జల్లిస్తుంటే నేను పక్కన కూర్చుని పిండిలో వేలితో బొమ్మలు గీసేదాన్ని. దాన్ని కోసి చెవులకి తగిలించుకుంది ఈవిడ. ఇంక ఇంట్లో అమ్మవి ఏం మిగిలాయి? ఈవిడ ఎటైనా వెళ్లిపోతే బాగుండు."

నేను ఏం చేశానో తెలుసా? పాట వింటున్నట్టు తల ఊపాను. లేని పాటకి ఊపాను అక్కా. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే పాట అంత బాగుంది కాబోలు అనుకునేట్టు ఊపాను.

మీ మరిదికి చెప్పలేదు. చెప్తే ఆయన కూతుర్ని కేకలేస్తారు. నేను చాటుగా విన్నానని ఆ పిల్లకి తెలుస్తుంది. పోనీ నేనే వెళ్లి, తెలియక కోశానమ్మా అందామంటే, ఎలా తెలిసిందని అడిగితే ఏం చెప్పను? అలా నోరు మూసుకుని ఊరుకున్నదాన్ని చెవులు కూడా మూసుకోవాలా వద్దా? మూసుకోలేదు. వైరు చివర జేబులో పెట్టుకుని, పాట లేకుండా రోజూ అక్కడే కూర్చుంటున్నాను. పుండుని గిల్లి చూసుకునే అలవాటు లాంటిదిది. మానాలని ఉంది, మానలేకపోతున్నాను.

మా ప్రెస్సు వాళ్లు వేరే ఊళ్లో కొత్త శాఖ తెరుస్తున్నారు. అచ్చుతప్పులు చూసే అనుభవమున్న మనిషి ఏడాదిపాటు అక్కడ కావాలట. వెళ్తానని మేనేజరుతో అన్నాను. నెలాఖరున ఖాయం చేసి చెప్పాలి. భోజనాల దగ్గర ఈ మాట అంటే మీ మరిది కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఏడాదేనా?" అన్నారు. ఏడాదే అన్నాను. కందిరీగ కంచంలోంచి తలెత్తలేదు. అక్కా, వెళ్లాక మళ్లీ వస్తానో రానో నాకే తెలియదు. ఆ పిల్లకి ఇల్లు ఇల్లులా ఉండాలంటే నేను అందులో ఉండకూడదేమో. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ చెల్లెలు


కోపం తగ్గని అక్కకి,

నీ జవాబు అందింది. అక్షరాలు కూడా అరుస్తున్నాయి. ఎవరి ఇంట్లోంచి ఎవరు పోతారు అని రాశావు. కందిరీగ ఇల్లు కాదా అక్కా ఇది? నేను వచ్చేనాటికే ఆ పిల్ల ఇక్కడ ఉంది.

ఇక్కడ ఒక వింత జరుగుతోంది. కందిరీగ ఇప్పుడు కావాలని బాల్కనీ గుమ్మం దగ్గరికే కుర్చీ లాక్కుని వచ్చి ఫోన్ మాట్లాడుతోంది. మాటలు కూడా మారాయి. వంట బాగా చేస్తుందత్తా, నాన్న ఉడకేసిన గడ్డి కంటే వందరెట్లు నయం అంది ఒకరోజు. ఇంకోరోజు, జల్లెడ విషయంలో నేను తొందరపడ్డాను, నాన్నే తీసుకోమన్నాడట, ఆయనకి ఏ వస్తువు ఎవరిదో ఎప్పుడు తెలుసు గనక అంది. చిత్రమేమిటంటే అవతల వదిన మాట్లాడే జాగా కూడా ఇవ్వకుండా గడగడా చెప్పేస్తోంది. పాఠం అప్పజెప్పినట్టు.

నువ్వు సంబరపడతావేమో, ఆగు. నేను బాగా ఆలోచించాను. నేను వెళ్లిపోతున్నానని తెలిసింది కదా, మనసు తేలికపడి ఉంటుంది. చుట్టం గడప దాటేటప్పుడు అందరికీ ప్రేమ పుట్టుకొస్తుంది, ఇంకో నాలుగు రోజులుండమని కూడా అంటాం. ఇదీ అలాంటిదే. సామాను పెట్టె కిందికి దింపాను. సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్లి మాట ఇచ్చేస్తాను. నువ్వు మళ్లీ తిట్టేలోపు ఆ పని అయిపోతుంది.

చెల్లి


ఇప్పుడే స్టవ్ కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చోవలసిన అక్కకి,

నేను వెళ్లడం లేదు. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చివరి వరస ముందు చదివి మిగతాది వదిలేసే రకానివి నువ్వు.

ఆదివారం మధ్యాహ్నం. మీ మరిది షాపులో ఉన్నారు. నేను మామూలుగానే గిన్నెలు చెవులకి బోర్లించుకుని, వైరు జేబులో పెట్టుకుని, బల్ల దగ్గర ఏదో తుడుస్తున్నాను. కందిరీగ గుమ్మం దగ్గర చేరి, "అవునత్తా, ఇంకా చెప్పలేదు" అంటూ మొదలుపెట్టింది. అంతలో ఒళ్లో నా ఫోన్ వణికింది. చూస్తే వదిన. ఇదేమిటి అనుకుంటూ బాల్కనీ చివరికి జరిగి, ఒక గిన్నె పక్కకి తోసి, మెల్లగా ఎత్తాను.

"ఏమ్మా, కందిరీగకి ఒంట్లో బాగానే ఉందా? నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో. నేను చేస్తే ఎత్తదు. నా మీద ఏమైనా అలిగిందా?" అంది వదిన.

"ఇప్పుడు మీతోనే మాట్లాడుతోందిగా వదినా" అన్నాను.

"నాతోనా? నేను నీతో మాట్లాడుతున్నాను కదమ్మా" అంది ఆవిడ.

ఇంకో చెవికి జల్లెడ అలాగే ఉంది. అందులోంచి కందిరీగ మాట వినిపిస్తోంది. అటు ఎవరూ లేని ఫోన్‌కి చెప్తున్న మాట.

"వెళ్లొద్దని చెప్పాలని ఉందత్తా. ఏమని పిలిచి చెప్పను? ఇన్నాళ్లూ ఏమీ పిలవలేదు. ఇప్పుడు హఠాత్తుగా పిలిస్తే నవ్వుతుందేమో. ఏమీ పిలవకుండా చెప్తే మళ్లీ ఫ్రిజ్‌కి చెప్పినట్టే ఉంటుంది."

అక్కా, నాకప్పుడు ఏం పూనిందో తెలియదు, నేరుగా దాని దగ్గరికి వెళ్లి నా ఫోన్ చాచాను. "మీ అత్త. నీతో మాట్లాడుతుందిట" అన్నాను.

చెవి దగ్గర ఒక ఫోన్, ముక్కు ముందు ఇంకో ఫోన్. ఆ రెండో దాంట్లోంచి వదిన హలో హలో అంటోంది. కందిరీగ ముఖం చెవుల దాకా ఎర్రబడింది. ఇప్పుడు లేచి తలుపు వేసుకుంటుందని భయపడ్డాను. అది నన్ను పైనుంచి కిందికి చూసి, నా జేబు వైపు వేలు చూపించింది.

"మరి మీ వైరు దేనికి తగిలించారు?"

జేబులోంచి తీసి చూపించాను. దేనికీ తగిలించని వైరు చివర గాల్లో ఊగుతోంది. ముందు ఎవరు నవ్వారో గుర్తు లేదు. తోడుదొంగలిద్దరం గుమ్మంలో చతికిలబడి కడుపు నొప్పెట్టేదాకా నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఫోన్ పెట్టెయ్యడం ఎవరికీ గుర్తు లేదు కాబట్టి వదిన కూడా అటు ఏడ్చిందట.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. నేను స్నానానికి వెళ్లినప్పుడు ఒకసారి వాటిని పెట్టుకుని చూసిందట. వంటింట్లో వాళ్ల నాన్న గిన్నెలు తోమే చప్పుడు ఎదురుగా ఉన్నట్టు వినిపించేసరికి వాటిని గబుక్కున తీసేసిందట. బయటి చప్పుడు లోపలికి వస్తే లోపలి పాటా బయటికి రావాలి కదా, మరి నేను పెట్టుకున్నప్పుడు ఏ పాటా వినిపించడం లేదేమని అప్పుడు వెలిగిందట. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి దానికి ముఖం చెల్లలేదు, విన్నానని చెప్పడానికి నాకు చెల్లనట్టే. అందుకని అత్తకి చెప్తున్నట్టు నాకు చెప్తూ వచ్చింది. నేనేమో అన్నీ విని, తెలివైనదాన్ని కదా, తిరగేసి అర్థం చేసుకున్నాను. రోజంతా ఊరివాళ్ల అచ్చుతప్పులు దిద్దేదాన్ని, అక్కా.

జల్లెడ సంగతి నేనే ఎత్తాను. తెలియక కోశాను, ఈ ముక్కలు ఊడదీసి ఇచ్చేస్తాను అన్నాను. కందిరీగ లేచి గదిలోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి చేతిలో ఆ జల్లెడ ఉంది. కోసిన తర్వాత దాన్ని నేను చెత్తలో పడేశాను. ఆ పిల్ల దాన్ని తీసి, కడిగి, తన బట్టల మధ్య దాచుకుందట. రెండు గుండ్రటి కన్నాలు పోగా ఒక పక్కన జాలీ ఇంకా నిగనిగలాడుతోంది.

సాయంత్రం మీ మరిది వచ్చాక, వెళ్లడం లేదని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "ఏడాదంతా ఇక్కడేనా?" అన్నారు. ఇక్కడే అన్నాను. ఆ తర్వాత ఆయన ఎందుకో పెట్టుకున్న కళ్లజోడుని మళ్లీ తీసి తుడిచారు. సోమవారం మేనేజరు కాస్త గొణిగాడు, మా పక్క బల్ల ఆవిడ ఎగిరి గంతేసింది. ఆ ఊళ్లోనే వాళ్లమ్మ ఉందట.

జల్లెడ సంగతి పూర్తి చెయ్యలేదు కదూ. దాన్ని నా బల్ల మీద పెట్టి, మిగిలిన జాలీ మీద రెండు అరచేతులూ ఆనించి కొలత చూపించింది కందిరీగ. తనకీ ఒక జత చెయ్యాలట, రెండు ముక్కలకి సరిపోతుందా అని. సరిపోతుందన్నాను. అయినా అడిగాను, పరీక్షలకి చదువుకునే పిల్లవి, వెనక మూత పెట్టి చెయ్యనా, ఇంట్లో గోల వినపడకుండా ఉంటుంది అని.

"వద్దు, జల్లెడే పెట్టండి. మూత పెడితే మీరు పిలిచినా వినపడదు" అంది.

అది ఫ్రిజ్ వైపు చూసి అనలేదు అక్కా.

నీ చెల్లెలు,
కందిరీగకి పిన్ని