ఆదివారం మీటింగు

బాపట్ల,
9-11-1989.

గౌరవనీయులైన సంజీవరావు అన్నయ్యగారికి,

రేపల్లె డ్రిల్లు మాస్టారు బాలస్వామిగారి భార్య దేవకుమారి వందనాలు చెప్పి రాస్తున్నది. ప్రభువు దయవల్ల మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. మీరు నన్ను చూడలేదు. మేమిద్దరం పని చేసిన రేపల్లె స్కూలుకి, ఆయన రైల్లో చెప్పిన గుర్తుతో మీరు రాసిన ఉత్తరం, అక్కణ్ణుంచి తిరిగి నిన్న ఇక్కడ మా అమ్మగారింటికి చేరింది.

మాస్టారు మీటింగుకి రావడం ఎందుకు మానేశారని అడిగారు. గది మారిందని ఫిబ్రవరిలో మీరు కార్డు రాశారట, అది అందలేదా అని కూడా అడిగారు. అందలేదండి. ఆయన జూలై ఇరవై రెండున గుంటూరు ఆస్పత్రిలో పోయారు. లివరు పూర్తిగా చెడిపోయిందన్నారు.

మీరు ఆయనకి రైల్లో పరిచయమైన రోజు నాకు బాగా గుర్తు. పోయిన ఏడాది నవంబరు. తెనాలిలో తాగుడు మానుకున్నవాళ్ళు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒకచోట కూర్చుంటారట, ఊరూ ఇంటిపేరూ అడగరట, పైసా తీసుకోరట అని ఇంటికొచ్చి చెప్పారు. పన్నెండేళ్ళుగా ఆయన మానేస్తానని ఒట్లు వేస్తూనే ఉన్నారు. నేను వింటూ బియ్యం ఏరుకుంటున్నాను, తల కూడా ఎత్తలేదు.

మొదటి ఆదివారం ఏమైందో మీకు చెప్పారో లేదో. ఎవరో చెయ్యి చూపిస్తే ఒక మేడ మీదికి వెళ్ళారు. ఒకాయన తూలుతూ, పెళ్ళాం బిడ్డల్ని తలుచుకుని ఏడుస్తున్నాడట. ఈయనకీ కళ్ళనీళ్ళొచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. కాసేపటికి ఆ తాగుబోతు హార్మోనియం అందుకోమని పద్యం ఎత్తుకున్నాడట! అది నాటకం రిహార్సలు. ఆ సంగతి చెబుతూ ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. మా ఇంట్లో ఇద్దరం కలిసి నవ్వి ఎన్నేళ్ళయిందో.

మరుసటి వారం ప్రాథమిక పాఠశాల వెనక మీ గది దొరికింది. ఆ సాయంత్రం వచ్చి గడప దగ్గరే నిలబడిపోయి, "దేవా, ఆ రైల్లో కలిసినాయన లేచి నా కథే చెప్పాడే. నేను నీకు కూడా చెప్పనివన్నీ చెప్పాడు. ఎవరూ చీదరించుకోలేదు" అన్నారు. మీ పేరు నాకు తర్వాత తెలిసింది.

పదకొండు ఆదివారాలు వచ్చారు కదండీ. గుడిలో ఆరాధన కాగానే నాలుగు మెతుకులు తిని స్టేషనుకి పరుగు. క్రిస్మస్‌కి గాయక బృందంలో నిలబడి పాడారు. స్కూల్లో పిల్లలు మళ్ళీ ఆయన పక్కకి చేరడం మొదలుపెట్టారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వెళితే గదికి తాళం. కొత్త వాచ్‌మన్, వాళ్ళు ఖాళీ చేశారండి, ఎటు పోయారో తెలవదండి అన్నాడట. పై వారం మళ్ళీ వెళ్ళారు. పక్క ఇళ్ళలో అడిగారు, ఇద్దరు డాక్టర్ల దగ్గర అడిగారు, చర్చిలో అడిగారు. సంజీవరావుగారు అని తప్ప మీ గురించి ఆయనకేం తెలుసు? వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుని, "నేను పనికిరాననుకున్నారేమోనే, చెప్పకుండా మార్చేశారు" అన్నారు. మూడో ఆదివారం తెనాలి స్టేషను దగ్గర సారా కొట్టుకి వెళ్ళారు. ఆ తర్వాత ఇక ఆగలేదు.

ఆస్పత్రిలో స్పృహ ఉన్న చివరి రోజు కూడా, వాళ్ళెక్కడికి మారారో కనుక్కుంటే బావుండేదే అన్నారు. మీ మీద కోపంతో కాదండి. ఊరికే, తెలుసుకోవాలన్నట్టు.

ఆయనకి పదకొండు ఆదివారాలు ఇచ్చారు మీరు. ఆ మేలు మరిచిపోను. మీ మీటింగులో ఆయన పేరు చెప్పి ప్రార్థన చెయ్యండి.

ఇట్లు
మీ చెల్లెలు వంటి
దేవకుమారి

తా.క.: ఉత్తరం అంటించి పోస్టాఫీసు దాకా వెళ్ళాను. డబ్బాలో వెయ్యలేక తిరిగొచ్చాను. అన్నయ్యగారూ, మీ కార్డు అందింది.

స్కూలుకి వచ్చింది. తాగుడు మానినవాళ్ళ మీటింగు అని పైనే రాసి ఉంది. మా జూనియరు టీచరు ప్రమీలారాణి చదివేసి, "పోన్లెండి టీచరుగారూ, మాస్టారు బాగుపడుతున్నారుగా" అంటూ నా చేతికిచ్చింది. నేను ఇన్నేళ్ళు ఆయనకి ఆయాసమని అందరికీ చెప్పుకొచ్చినదాన్ని. ఆ జాలి భరించలేకపోయాను. ఇంటికెళ్ళి కార్డు పొయ్యిలో పెట్టాను. పదకొండు వారాలైందిగా, ఇక మీటింగు ఎందుకులే అనుకున్నాను.

ఆయన చెప్పులతో మంచం మీద కూర్చున్న రోజు చెప్పొచ్చు. చెబితే కాల్చానని కూడా చెప్పాలి. మంచినీళ్ళు తెచ్చిచ్చి ఊరుకున్నాను. ఆస్పత్రిలోనూ ఊరుకున్నాను.

గంగానమ్మపేట, నజీరుద్దీన్ గారి కుట్టుమిషన్ల షాపు మేడ మీద, ఆదివారం మూడు గంటలకి. నాకు నోటికి వచ్చండీ.