బానలు అమ్మి దమొంగో

జనవరి 8, బుధవారం

హర్మటాన్ గాలి నిన్న మొదలైంది. పొద్దున లేచేసరికి కోళ్ల గూడు, కట్టెల మోపు, గెర్వాస్ బాగుచేసే సైకిళ్లు అన్నీ ఒకే దుమ్ము రంగు. స్కూల్ కిచెన్‌లో తలుపులు మూసి బీన్స్ వండాం. అయినా గింజల్లో దుమ్ము. నా ముక్కు పూర్తిగా దిబ్బడేసింది. వాసన లేదు, రుచి లేదు.

భోజనాలయ్యాక సిస్టర్ బెనిల్డా ఆఫీసుకి పిలిచింది. ఎవరో పిల్ల కడుపునొప్పి అందేమో అనుకుని వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్‌గా ఆమెను దమొంగో పంపుతున్నారట, కొత్త గర్ల్స్ స్కూల్‌కి. "అక్కడి కిచెన్ నీ చేతిలో పెడితే నడుపుతావా, ఎమెరెన్షియా?" అంది. హెడ్ కుక్. గ్యాస్ స్టవ్. రెండు గదుల క్వార్టర్స్, గుమ్మం దగ్గరే కుళాయి. ఇంకా ఖాయం కాదు, పేరు పంపాలి, బిషప్ ఆఫీసు ఒప్పుకోవాలి, అందాకా ఎవరితోనూ అనొద్దు అంది.

ఎవరితోనూ అనలేదు. గెర్వాస్‌కి చెప్పాను, అంతే. మొగుడికి చెప్పడం చెప్పడం కిందికి రాదు.

జనవరి 9

ఊరంతా తెలిసిపోయింది.

జనవరి 11, శనివారం

బానలు అమ్మేస్తున్నాను. ఖాయం కాకముందే ఇదేం తొందర అంటారు. తొందర నాది కాదు, వంతుది. మా సంత ఆరు రోజులకొకసారి. మా పేటలో పిటో, అంటే జొన్న బీరు, కాచే ఆడవాళ్లం ఆరుగురం, ఆ ఆరు రోజుల్లో మనిషికో రోజు. ఒకరు తప్పుకుంటేనే కొత్త మనిషికి చోటు. లియోకాడియా నాలుగేళ్లుగా చోటు కోసం చూస్తోంది. వంతూ బానలూ కలిపి ఇప్పుడే తీసుకుంటానంది. ఆగితే హామిలేలో ఉన్న అక్క దగ్గరికి పోయి అక్కడే కాచుకుంటుందట. అప్పుడు నా బానలు వాననీళ్లు పట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

అత్తతో చెప్పాను. మూడు పెద్ద బానలూ ఆమె చేతి మీదుగా నాకొచ్చినవే. "మేకలనుకున్నావా, మెడకి తాడేసి తోలెయ్యడానికి?" అంది. తర్వాత మూట కట్టుకుని తమ్ముడి ఊరికి పోయింది, అక్కడ చావుంది. వెళ్తూ కూడా నావైపు చూడలేదు.

అయినా సంతోషంగానే ఉంది. ఇరవై ఏళ్లు జొన్న మొలకెత్తించి, దంచి, రెండు పూటలు మంట ముందు కూర్చున్నాను. స్కూల్లో పని చేసి వచ్చి మళ్లీ ఇది. దమొంగోలో స్టవ్ చెవి తిప్పితే మంట వస్తుంది. వద్దంటే పోతుంది.

జనవరి 14, మంగళవారం

లియోకాడియా వచ్చి చూసుకుంది. వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నది. "అక్కా, ఇవి నిన్న కాల్చినట్టున్నాయే! ముఖం కనిపిస్తోంది!" అంది. నాకూ వింతగానే అనిపించింది. గాలికి దుమ్ము లేచిపోయి అలా మెరుస్తున్నాయనుకున్నాను. ముక్కు ఇంకా తెరుచుకోలేదు. గెర్వాస్ ఎందుకో ఇంటి కప్పు చూస్తున్నాడు.

బండి మీద కట్టి పంపాం. ఇక మిగిలింది మొదటి కాపు. కొన్నవాళ్లు కాచిన మొదటి పిటో అమ్మిన మనిషి తాగి, బాగుంది అనాలి. అప్పటిదాకా బానలు అమ్మినవాళ్లవే, పేరు చెడినా వాళ్లదే.

రాత్రి నిద్ర పట్టలేదు. గెర్వాస్‌ని లేపి, దమొంగోలో సైకిళ్లుంటాయా అని అడిగాను. మనుషులుంటే సైకిళ్లుంటాయి, పడుకో అన్నాడు.

జనవరి 20, సోమవారం

రాయాలనిపించడం లేదు. కానీ రాస్తాను.

లియోకాడియా వాకిట్లో బెంచీలన్నీ నిండాయి. ముందు నేను తాగాలని అందరూ చూస్తున్నారు. సొరబుర్రలో నురగ పొంగి అంచు దాటింది. ఏం నురగ, ఏం నురగ అని ముసలాళ్లు మురిసిపోయారు. నా జలుబు పోయి రెండు రోజులైంది. నోట్లో పోసుకున్నాను.

సబ్బు.

మింగాను. ఆ ముసలాళ్లలో కూజింగ్ మామ నా చేతిలోంచి బుర్ర లాక్కుని ఒక గుక్క తాగి, "ఏమమ్మా, తాగమంటావా, చొక్కా విప్పి నానబెట్టమంటావా?" అన్నాడు. వాకిలంతా నవ్వు. లియోకాడియా నవ్వలేదు. పందులకి పోసింది. అవీ మూతి పెట్టి వెనక్కి తీశాయి.

చీకటి పడకముందే బానలు మా ఇంటి ముందు దింపి పోయింది.

గెర్వాస్ అప్పుడు చెప్పాడు. నేను స్కూల్లో ఉన్నప్పుడు సబ్బు పొడితో మూడుసార్లు తోమాడట. కొత్తవాటిలా కనిపిస్తే లియోకాడియా వెనక్కి తగ్గదనుకున్నాడట. "నీకు ఉద్యోగం వస్తోందని చేతులు ఊరుకోలేదే" అన్నాడు. పిటో బానని మగవాడు ముట్టుకోవడమనేదే లేదు మా దగ్గర. ఇతను లోపలికి దిగి తోమాడు. మట్టి సబ్బుని తాగేసింది.

జనవరి 21

సిస్టర్‌కి అప్పుడే తెలిసింది. ఆమె తల్లీ పిటో కాచిన మనిషే. "పిటో బాన సబ్బుతో కడిగే దాన్ని హెడ్ కుక్ అని పంపనా? దమొంగో దాకా నవ్వుతారు" అంది. ఆమె కూడా నవ్వుతోంది. తర్వాత నవ్వు ఆపింది. పేర్లు వచ్చే సోమవారం పంపాలి, ఆలోగా ఆ బానల్లోదే ఒక బుర్ర పిటో పంపు, తాగాకే నీ పేరు రాస్తాను అంది.

ఎవరు తోమారో నేను చెప్పలేదు. చెబితే నా ఉద్యోగం నిలుస్తుంది, గెర్వాస్ ఈ దారిన తలెత్తుకుని సైకిల్ తొక్కలేడు.

నా వంతు ఆదివారం. ఒక్క కాపుకే టైముంది.

జనవరి 22, బుధవారం

అత్త వచ్చింది. ఎవరో దారిలోనే చెప్పారు. మూట కూడా దించకుండా బానలో తల పెట్టింది. ఎవరు అని అడిగింది. నేనే అన్నాను. "నీ చెయ్యి నాకు తెలీదనుకున్నావా? ఇది మగాడి తోముడు" అంది. గెర్వాస్ బాగానే ఉన్న సైకిల్ చైను విప్పి మళ్లీ బిగిస్తున్నాడు. "ఒరేయ్, నిన్ను కూడా అట్లాగే తోమి ఉంటే బాగుపడేవాడివి!" అని అరిచింది. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె కూడా.

తర్వాత లియోకాడియాని పిలిపించింది. మొదటి కాపు మళ్లీ కాచేది నువ్వే, పక్కన కూర్చుని చూసేది నేను అంది.

జనవరి 24

జొన్న తవుడు, వేడినీళ్లు. పోయడం, పారబోయడం. పొగ పట్టించడం. నిన్న ఆరుసార్లు. ఇవాళ పాత పిటో మడ్డి పూసి ఎండబెట్టాం. అత్త ప్రతిసారీ తల లోపల పెట్టి, "ఇంకా చాకలిరేవే" అంటుంది. లియోకాడియాని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది. ఆ పిల్ల "సరే అమ్మమ్మా" అంటూ చెప్పినట్టు చేస్తోంది. అత్త గొంతు ఇంత గట్టిగా ఉండి ఎన్నాళ్లయిందో.

సాయంత్రం చివరి బాన వాసన చూసి అత్త ఆ మాట అనలేదు.

జనవరి 26, ఆదివారం

పూజ అయ్యాక మా వాకిట్లో. పోయినసారికంటే ఎక్కువ జనం. కూజింగ్ మామ భుజాన తువ్వాలు వేసుకొచ్చాడు, ఉతుక్కోవడానికట.

నురగ తక్కువ. తాగాను. పులుపు. కొంచెం పొగ. ఇంకేం లేదు, పిటో!

"బాగుంది" అన్నాను. అరుపులు. లియోకాడియా నన్ను ఎత్తబోయి ఇద్దరం పడ్డాం. అత్త బుర్ర నింపి సిస్టర్‌కి పంపింది. ఖాళీ బుర్ర తిరిగొచ్చింది. ఇంకో బుర్ర పంపమందట!

ఫిబ్రవరి 3, సోమవారం

బిషప్ ఆఫీసు ఒప్పుకుంది. హెడ్ కుక్. గురువారం చేరాలి. బీన్స్ మాడిపోయాయి, ఎవరూ ఏమీ అనలేదు.

రెండు గదుల్లో ఒకటి అత్తకి అని చెప్పాను. "అక్కడ నేనేం చెయ్యాలి, కుళాయి తిప్పాలా?" అంది. సర్దుతోంది మాత్రం. తన స్టూలు, చాప, దుప్పటి మూట కట్టింది.

ఫిబ్రవరి 6, గురువారం. దమొంగో.

బానల కోసం లియోకాడియా బండి బుధవారం తెల్లవారకముందే వచ్చింది. అత్త తన మూటతో బానల మధ్య ఎక్కి కూర్చుని, లియోకాడియా వాళ్ల ఇంట్లోనే ఉంటానని వెళ్లిపోయింది. నేనూ గెర్వాసూ ఆ పొద్దునే ఏడింటి బస్సుకి బయల్దేరాం.