మెట్ల కింద తగిలించిన వైరు ముక్క

భూపాలపల్లి,
మంగళవారం మధ్యాహ్నం.

వీరన్న అన్నకు నీ చెల్లె సరిత దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నా ఆరోగ్యం బాగానే ఉంది. అక్కడ నువ్వు, వదిన, చిన్నది, యాడి, బాపు అందరూ ఎలా ఉన్నారు? యాడి మోకాలి నొప్పి తగ్గిందా? మిరప ఏరడానికి రోజూ పోవద్దని నా మాటగా చెప్పు. వినదని తెలుసు, అయినా చెప్పు. బాపు దగ్గు మందు పూర్తిగా తాగాడో లేదో కూడా చూడు. సగం సీసా దాచిపెట్టడం ఆయనకు అలవాటు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుతావేమో. నేను ఫోన్ చేయగానే యాడి స్పీకర్ పెట్టమంటుంది. అందరూ చుట్టూ చేరతారు. ఇది వాళ్లు వినే సంగతి కాదు. అందుకే కురవిలో నీ ఆటో స్టాండు పక్కన టీ కొట్టు అడ్రసుకు, రేపటికే అందేలా బస్సు పార్సిల్లో పంపుతున్నాను. మన లంబాడీ మాటకు రాత లేదు కాబట్టి, అమ్మను యాడి అనడం తప్ప మిగతాదంతా తెలుగులోనే రాస్తున్నాను. చదివి చింపెయ్, ఇంటికి తీసుకుపోకు.

ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. ఆరేసిన బట్టలు సాయంత్రానికి బొగ్గు దుమ్ముతో నల్లబడుతున్నాయి. తిండికి లోటు లేదు. పొద్దున అన్నం, రాత్రికి జొన్న రొట్టె చేసుకుంటున్నాను. బాగానే ఉన్నానంటే నిజంగానే బాగున్నాను, దాని గురించి ఫికరు పెట్టుకోకు. గది సంగతే బాగాలేదు.

గదిలో దిగిన మొదటి రోజు బాపే వచ్చాడు, నువ్వు రాలేదు కాబట్టి ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. ఇంటాయన సమ్మయ్య కిరాయి కాగితం రాసుకుందామా అని తనే అడిగాడు. బాపుకు అది చిన్నతనంగా అనిపించింది. తండాలో పెద్దమనుషుల ముందు మాట అనుకుంటే ఎవరైనా కాగితం అడుగుతారా? కురవి వీరభద్రస్వామి ప్రసాదం కొబ్బరి ముక్క సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "సారూ, ఇది తినుండ్రి. మా బిడ్డ పరీక్షలయ్యేదాక ఈడనే ఉంటది, గంతే" అన్నాడు. ఆయన కళ్లకద్దుకుని తిన్నాడు. "ఏం ఫికర్ జెయ్యకు నాయక్, నీ బిడ్డ నా బిడ్డ అసొంటిదే" అన్నాడు. బాపు బస్సెక్కే దాకా ఆ మనిషి మంచితనమే చెప్పాడు. నాకు కూడా కాగితం గుర్తు రాలేదు. అక్షరం ముక్క వచ్చినదాన్ని, నాకైనా రావలసింది.

పోయిన నెల ఇంటాయన పైకొచ్చి నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నాడు. చెల్పూరు కరెంటు ప్లాంటులో పెద్ద రిపేరు పనులున్నాయట. కాంట్రాక్టు మనుషులు గదుల కోసం తిరుగుతున్నారు, మేమిచ్చేదానికి రెండింతలు ఇస్తారు. నాతోపాటు గదిలో స్టేషన్ ఘన్‌పూర్ అమ్మాయి స్వప్న ఉంటుందని చెప్పాను కదా, ఐటీఐలో నా ట్రేడే, ఎలక్ట్రీషియన్. పరీక్షలకు రెండున్నర నెలలుందని ఇద్దరం బతిమాలాం.

"మా బాపుకు మాటిచ్చిండ్రు కద అంకుల్" అన్నాను.

"ఇచ్చిన బిడ్డా. అప్పుడు గీ పని లేకుండె" అన్నాడు. మొహంలో కోపం కూడా లేదు. కోపపడితే పోట్లాడేదాన్ని.

వేరే గది కోసం ఊరంతా తిరిగాం. ఐటీఐలో ఆడపిల్లలకు హాస్టల్ లేదు. ఉన్న గదులన్నీ ప్లాంటు పనివాళ్లకే పోయాయి. రెండు ఇళ్లలో మీ ఊరేదని అడిగారు. తండా అనగానే, చుట్టాలొస్తున్నరు, గది ఖాళీ లేదన్నారు. స్వప్న ఒక్కతే అడిగితే దొరికేదేమో. అది నన్ను వదిలి అడగలేదు, ఆ మాట మాత్రం చెప్పాలి.

అప్పుడు మా ట్రేడ్ సార్ కోర్టు దగ్గరికి పొమ్మన్నాడు. అక్కడ పేదవాళ్లకు ఉచితంగా సలహా చెప్పే వకీలు మేడం ఒకామె కూర్చుంటుంది. మేము చెప్పిందంతా ఓపికగా విన్నది.

"నోటిమాట మీద ఎవ్వలనూ ఎల్లగొట్టరాదు. నోటీసు రాసియ్యాలె, కారణం జెప్పాలె. మేం పోమని మీరంటే ఆయననే కోర్టుకు పోవాలె. తాళమేసుడు, సామాన్లు బయట పడేసుడు, నీళ్లు కరెంటు బందు పెట్టుడు, ఇవేవీ జెయ్యనీకి ఆయనకు హక్కు లేదు" అన్నది. కాగితం లేకపోయినా నెలనెలా ఫోన్‌లో పంపిన కిరాయే సాక్ష్యమంది. చివరికి వేలు చూపించి రెండు మాటలు చెప్పింది. "ఏ కాయితం మీద సంతకం పెట్టకుండ్రి. ఆయనేమన్న జేస్తె మీరేం జెయ్యకుండ్రి, నా తానకు రాండ్రి, దరఖాస్తు పెడుదం."

అన్నా, ఆ రోజు కోర్టు గేటు బయట చెరుకు రసం తాగుతూ ఎంత నవ్వుకున్నామో. మాకూ ఒక హక్కు ఉందని ఒకరు చెప్పడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి ఆయనకు మొత్తం అప్పజెప్పాను. జర తల ఎత్తే మాట్లాడాను, దాచను. ఆయన విని, "మంచిగ నేర్చుకున్నవు" అని లోపలికి పోయాడు.

మూడో రోజు నుంచి మోటారు పాడైందని పై ట్యాంకుకు నీళ్లు రావడం ఆగిపోయింది. కింది నుంచి బిందెలతో మోసుకున్నాం. ఆ శుక్రవారం సాయంత్రం ఐటీఐ నుంచి వచ్చేసరికి మా గదికి కరెంటు లేదు. మెట్ల కింద బోర్డు తెరిచి చూస్తే మా లైనుకుండే ఫ్యూజు పీకేసి ఉంది. తలుపు కొడితే ఇంటామె, ఆయన ఊళ్లో లేడన్నది. శని, ఆదివారాలు కోర్టుకు సెలవు. సోమవారం మాకు రికార్డు బుక్కులు చూపించే రోజు, బొమ్మలు ఇంకా సగం గీయాలి. మేడం చెప్పిన మాట గుర్తుంది. గుర్తుండే చేశాను.

ఇంకెవరైనా అయితే కొవ్వొత్తి కొనుక్కునేవాళ్లు. నేను ఎలక్ట్రీషియన్ని కదా. రెండేళ్లుగా నేర్చుకున్నది ఇదే. పొడి చెక్క మీద నిలబడి, టెస్టర్ పెట్టి చూసి, కిట్టులోంచి వైరు ముక్క తీసి ఫ్యూజు ఉండే చోట తగిలించాను. రెండు నిమిషాల పని. పైన గదిలో లైటు వెలగగానే స్వప్న చప్పట్లు కొట్టింది. నాకు గర్వం కలిగింది. ఆ గర్వానికి ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తున్నది.

ఆ సోమవారం పొద్దున, అంటే పోయిన వారం, ఇంటాయన ఫోన్‌లో ఆ వైరు ఫోటో చూపించాడు. "ఇది కరెంటు దొంగతనం బిడ్డా. కరెంటాఫీసుల ఒకటి, స్టేషన్ల ఒకటి కంప్లైంటు ఇస్త. తెలిసినోళ్లే ఉన్నరు" అన్నాడు. ఆ వైరు మీటరు దాటిన తర్వాత ఉంది, వాడిన ప్రతి యూనిటూ మీటరులో తిరుగుతుంది, ఇందులో దొంగతనం ఎక్కడిదని నేను అరిచాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవలసిన అవసరం కూడా ఆయనకు లేదు.

ట్రేడ్ సార్‌కు చెబితే ముందు తిట్టాడు, ఫ్యూజు లేకుండా నేరుగా వైరు పెట్టడం మొదటి నెలలోనే చెయ్యొద్దని నేర్పిన తప్పు. తర్వాత తల పట్టుకున్నాడు. "దొంగతనం కాదని నాకెర్క. నువ్వు మంచిదానివని నేను రాసిస్త. గాని ప్లాంటుల అప్రెంటిస్‌కు కేసులేం లేవని పోలీసోళ్ల కాయితం కావాలె. అది నేను రాయలేను కద బిడ్డా" అన్నాడు.

సార్‌తో మాట్లాడి గదికి వచ్చేసరికి స్వప్న వాళ్ల నాయిన వచ్చి ఉన్నాడు. వైరు పెట్టింది స్వప్న కాదు, అయినా ఆయన భయపడ్డాడు. "మా పిల్లను ఇందుల ఇరికియ్యకు తల్లీ" అని నాకు చేతులు జోడించాడు. పెద్దమనిషి అలా జోడిస్తే ఏమనగలను? బ్యాగు నేనే బస్టాండు దాకా మోశాను. స్వప్న ఏడ్చింది. నేను ఏడవలేదు, అక్కడ.

వకీలు మేడం దగ్గరికి మళ్లీ ఒక్కదాన్నే పోయాను. ఆమె తిట్టలేదు, అదే బాధగా ఉంది. "హక్కు నీదే. దొంగతనం కేసు నిలవడదు. ఖాళీ చేయించే కేసుల గూడ నువ్వే గెలుస్తవు" అన్నది. ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. "ఏడాది, ఏడాదిన్నర" అన్నది. నా పరీక్ష ఇక రెండు నెలల్లోపే, అప్రెంటిస్ పిలుపు ఆ వెంటనే. అప్పటికి స్టేషన్‌లో నా పేరు ఉంటుంది. గెలిచిన కాగితం చేతికొచ్చేసరికి అది దేనికీ పనికిరాదు.

నిన్న సాయంత్రం ఇంటాయన కాగితం, పెన్ను తెచ్చి, సంతకం పెడితే కంప్లైంటు ఇయ్యనన్నాడు. ఆయన చెప్పిన మాటలు నా చేత్తోనే రాయించుకున్నాడు. సంతకం పెట్టిన తర్వాత ఆ వైరు ఫోటో నా ముందే ఫోన్లోంచి చెరిపేశాడు. తన కొడుకు ఫోన్‌లో కూడా ఉందేమో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది. "పైకొస్తవు బిడ్డా, తెలివిగల్ల పిల్లవు" అని తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తోసెయ్యలేదు, అన్నా. ఎందుకు తోసెయ్యలేదో నాకే తెలియడం లేదు.

గురువారం సాయంత్రానికి తాళంచెవి ఇచ్చేయాలి. ఆ రోజు పొద్దున మొదటి బస్సుకు నువ్వు రా. ఇనుప పెట్టె ఒక్కదాన్నే దించలేను. రెండు గోనె సంచులు, తాడు తీసుకురా. వదినతో చెప్పి ఒక పాత చీర కూడా తే, గిన్నెలు కట్టడానికి. ఇంటి నుంచి వచ్చిపోతూ చదవడం కుదిరే పని కాదు, బస్సు దిగేసరికే మధ్యాహ్నమవుతుంది. అటెండెన్స్ లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. వచ్చే ఏడు మళ్లీ పంపుతామని నువ్వు అంటావు. అను, నేను కాదనను. వచ్చే ఏడు ఇంట్లో ఎలా ఉంటుందో మనిద్దరికీ తెలుసు.

నా గురించి పరేషాన్ కాకు. తింటున్నాను, పడుకుంటున్నాను. యాడి దగ్గరికి వచ్చాక మిరప ఏరడానికి ఆమెతో పాటు పోతాను, ఆ మోకాలికైనా సుఖముంటుంది.

పెద్దలందరి కాళ్లకు దండం పెట్టానని చెప్పు, వాళ్ల దీవెన నాకు కావాలి. వదినను అడిగానని చెప్పు. చిన్నదానికి నా ముద్దులు.

ఇంకొక్క మాట, అన్నా. ఇంటాయన మాట తప్పాడని బాపుకు మాత్రం చెప్పకు. తండా అంతా తిరిగి ఆ మనిషి గురించి గొప్పగా చెప్పుకున్నాడు. చదువు మీద మనసు విరిగి నేనే వచ్చేశానని చెప్పు. తిడితే నన్నే తిట్టనీ. అబద్ధమని నువ్వు భయపడకు, నా ఇష్టంతోనే గది ఖాళీ చేస్తున్నానని ఇంటాయన దగ్గరున్న కాగితంలో నా చేతిరాతతోనే ఉంది.

నీ చెల్లె,
సరిత